చైన్‌సా పిస్టన్: సైలెన్సర్ విప్పి చూస్తే తెలిసే సంగతులు
(యంత్రాలు – మరమ్మతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

వేసవి గాలివానలకు బెంగళూరులో చెట్లు కూలడం మొదలయ్యేసరికి, ఏడాదంతా గోదాములో మూలన పడి ఉన్న చైన్‌సాలు ఒక్కసారిగా బయటికి వస్తాయి, వాటి వెంటే మా శీర్షికకు ఉత్తరాలూ వస్తాయి. ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిస్టన్ గురించే కావడం వల్ల ఈ సంచికలో మిగిలిన యంత్రాలను పక్కనపెట్టి దాని గురించే రాస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, నేను హొసకోటె దగ్గర నర్సరీ నడుపుతూ, అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో కొమ్మలు కొట్టే పనులు కూడా ఒప్పుకుంటూ ఉంటాను. నా 50 సీసీ చైన్‌సా పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతుంది. అరగంట పనిచేశాక ఆపితే మాత్రం, చల్లారేదాకా ఎంత లాగినా అందుకోదు. పైగా తాడు మునుపటికంటే తేలిగ్గా వస్తోందనిపిస్తోంది. మెకానిక్‌కు చూపిస్తే, విప్పకుండానే 'పిస్టన్, సిలిండర్ సెట్ మార్చాలి' అన్నాడు. ఇంజిన్ మొత్తం విప్పకుండా పిస్టన్ ఎలా ఉందో నేనే చూసుకోవచ్చా? మామూలు సర్వీసులో పిస్టన్ మీద ఏమేమి గమనించాలి?

జవాబు: తప్పకుండా చూసుకోవచ్చు. సెట్ కొనే ముందు చూసి తీరాలి కూడా. చైన్‌సాలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి దానికి కారు ఇంజిన్‌కు ఉన్నట్టు వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోనే రంధ్రాలు ఉంటాయి, పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ వాటిని తానే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పొగ బయటికి పోయే రంధ్రం సైలెన్సర్ వెనకాలే ఉంటుంది. అందువల్ల సైలెన్సర్‌ను పట్టి ఉంచే రెండు మూడు బోల్టులు తీస్తే పిస్టన్ కంటికి కనబడుతుంది. ఈ పది నిమిషాల పనికి బద్ధకించి సెట్లు మార్చేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు.

విప్పకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది. స్విచ్చి ఆపి, తాడు పిడిని పట్టుకుని యంత్రాన్ని నెమ్మదిగా గాల్లో వేలాడదీయండి. సిలిండర్‌లో ఒత్తిడి బాగుంటే అది ఆగి ఆగి, కుదుపులతో కిందికి దిగుతుంది; జారుడుబల్ల మీది నుంచి జారినట్టు ఒకే ఊపున దిగిపోతే ఒత్తిడి పోయినట్టే. అయితే ఒత్తిడిని తగ్గించే చిన్న వాల్వు నొక్కి ఉన్నా, తేలిగ్గా స్టార్టయ్యేందుకు తాడు దగ్గర స్ప్రింగు అమర్చిన మోడలైనా ఈ పరీక్షను నమ్మకూడదు. మీరు చెప్పిన లక్షణం, అంటే వేడి మీద స్టార్టు కాకపోవడం, పిస్టన్ చుట్టూ ఉండి ఒత్తిడి జారిపోకుండా ఆపే రింగులు అరగడం వల్ల రావచ్చు. అలాగే వేడికి దెబ్బతినే ఇగ్నిషన్ కాయిల్ వల్లగానీ, పెట్రోలు ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోవడం వల్లగానీ కూడా రావచ్చు. వేడిగా ఉండి స్టార్టు కానప్పుడు ప్లగ్గు తీసి, దాన్ని సిలిండర్ లోహానికి ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచి తాడు లాగితే నిప్పు వస్తుందో లేదో తెలుస్తుంది. అలాగే ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి బిగించగానే స్టార్టయితే తప్పు ఆ గాలి దారిదే. తాడు తేలిగ్గా వస్తోందని కూడా మీరు రాశారు కాబట్టి పిస్టన్ మీద అనుమానానికి తావుంది గానీ, అనుమానంతోనే తీర్పు చెప్పలేము.

ఇక చూసే పద్ధతి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గు తొడుగు ఊడదీసి, గొలుసు, బారు తీసి పక్కన పెట్టండి. సైలెన్సర్ చుట్టూ పేరుకున్న రంపపుపొట్టును, జిడ్డును బ్రష్షుతో పూర్తిగా శుభ్రం చేశాకే బోల్టులు విప్పాలి. ఆ పొట్టు ఒక్క చిటికెడు లోపల పడినా, పరీక్ష పేరుతో మనమే కొత్త గీతలు పెట్టినవాళ్లమవుతాము. సైలెన్సర్, దాని ప్యాకింగు తీశాక ప్లగ్గు కూడా తీస్తే తాడు తేలిగ్గా కదులుతుంది. ఒక చేత్తో తాడును మెల్లగా లాగుతూ, రెండో చేత్తో సన్నని టార్చిలైటు లోపలికి వేయండి. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు రంధ్రం పూర్తిగా తెరుచుకుని అవతలి వైపు సిలిండర్ గోడ కనబడుతుంది. పైకి లేస్తున్నకొద్దీ ముందు పిస్టన్ తల అంచు, తర్వాత రింగులు, ఆ తర్వాత మెకానిక్కులు స్కర్టు అని పిలిచే పక్కగోడ మీ కళ్ల ముందు నుంచి దాటిపోతాయి.

ఆరోగ్యంగా ఉన్న పిస్టన్ పక్కగోడ మీద లేత్‌లో చెక్కినప్పుడు ఏర్పడిన సన్నని అడ్డగీతలు ఇంకా కనబడుతూ ఉంటాయి. ఎన్నో గంటలు నడిచిన యంత్రంలో అవి అక్కడక్కడ నునుపుగా అరిగి ఉండవచ్చు, దానికి కంగారు పడనవసరం లేదు. చూడవలసినవి నిలువు గీతలు. గోరు వేసి అడ్డంగా రాస్తే గోటికి తగలని సన్నని నిలువు చారలు ఒకటి రెండు ఉంటే యంత్రాన్ని నడుపుకోవచ్చు, కాకపోతే కారణం వెతకడం మొదలుపెట్టాలి. గోటికి తగిలే గాళ్లు, లేదా లోహం కరిగి పులిమినట్టున్న మెరుపు మచ్చలు ఉంటే ఆ పిస్టన్ పని అయిపోయినట్టే.

గీతలు ఏ వైపున ఉన్నాయన్నదాన్ని బట్టి రోగం తెలుస్తుంది కాబట్టి, ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాము. సిలిండర్‌లో అన్నిటికంటే వేడెక్కేది పొగ రంధ్రం వైపు. కార్బొరేటర్ వైపున లోపలికి వచ్చే చల్లని పెట్రోలు, గాలి మిశ్రమం తగులుతూ ఉంటుంది, ఇటువైపున మండిన వాయువు రాసుకుపోతూ ఉంటుంది. అందువల్ల పెట్రోలులో కలిపే ఆయిల్ తక్కువైనా, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా మొదట గీతలు పడేది సైలెన్సర్ వైపునే. ఆయిల్ అసలు కలపని పెట్రోలు పోసి నడిపితే ఇదే వైపున మొదలై త్వరలోనే చుట్టూరా పాకుతుంది, లోపల పిస్టన్ కింద తిరిగే క్రాంక్ భాగం కూడా ఆయిల్ పొర లేకుండా పొడిగా ఉంటుంది. క్రాంక్ భాగంలో ఆయిల్ తడి చక్కగా ఉండి, గీతలు మాత్రం సైలెన్సర్ వైపునే ఉంటే, ఆయిల్‌ను అనుమానించడం మాని, గాలి ఎక్కడి నుంచి దొంగతనంగా చొరబడుతోందో చూడాలి. పొగ రంధ్రంలో గట్టిపడిన మసి పెళ్ల ఊడి పిస్టన్‌కూ గోడకూ మధ్య ఇరుక్కుంటే కూడా ఇక్కడే గీతలు పడతాయి. కాకపోతే అవి రంధ్రం వెడల్పు దాటకుండా, రంధ్రం అంచుల నుంచే మొదలవుతాయి.

రెండో వైపు, అంటే కార్బొరేటర్ వైపు చూడాలంటే కార్బొరేటర్‌నూ దాని వెనుక ఉండే రబ్బరు గొట్టాన్నీ తీయాలి. చాలామంది ఇది చేయరు. దుమ్ము చేసిన నష్టమంతా ఇటువైపే దాక్కుని ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగా కూర్చోకపోయినా లోపలికి పోయే సన్నని ధూళి ఇటువైపు పక్కగోడను ఎమిరీ పేపరుతో రుద్దినట్టు మెరుపు లేని బూడిదరంగుకు తెస్తుంది, కింది అంచును పలచబరుస్తుంది, రింగులను అరగదీస్తుంది. పెద్ద గాళ్లేమీ కనబడవు కాబట్టి సైలెన్సర్ వైపు నుంచి మాత్రమే చూసినవాళ్లు 'పిస్టన్ అద్దంలా ఉంది' అని మూసేస్తారు, యంత్రం మాత్రం రోజురోజుకూ బలం తగ్గుతూ ఉంటుంది. కార్బొరేటర్ నోట్లో, ఫిల్టర్‌కు లోపలి వైపున, శుభ్రమైన వేలు తిప్పి చూడండి. వేలికి పొడి తగిలితే నేరస్థుడు దొరికినట్టే. మీరు నర్సరీలో ఎర్రమట్టి మధ్య పనిచేస్తారు కాబట్టి ఈ పరీక్షను మానవద్దు.

పిస్టన్‌కు నాలుగు మూలలా, అంటే గజన్ పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే అడ్డ పిన్‌కు) అటూ ఇటూ గీతలు పడి ఉంటే అది మొత్తం ఇంజిన్ వేడెక్కిన గుర్తు. సిలిండర్ రెక్కల మధ్య పొట్టు, జిడ్డు కూరుకుపోయి ఫ్యాను గాలి ఆడకపోవడం దీనికి మామూలు కారణం. గజన్ పిన్ చివర ఎదురుగా సిలిండర్ గోడ మీద ఒకే ఒక లోతైన గాడి ఉంటే పిన్‌ను పట్టి ఉంచే లాకు ఊడిందన్నమాట.

రింగులను పొగ రంధ్రం ద్వారానే, కొన మొద్దుగా చెక్కిన కర్రపుల్లతో మెల్లగా నొక్కి చూడండి. లోపలికి పోయి మళ్లీ స్ప్రింగులా బయటికి రావాలి. రాకపోతే మసి పట్టి గాడిలో బిగుసుకుపోయాయి. రింగుకు కింద పక్కగోడ లేత గోధుమరంగులో ఉంటే ఫరవాలేదు, నల్లగా మాడి ఉంటే మండిన వాయువు రింగును దాటి కిందికి దిగుతోంది. పిస్టన్ తలను ప్లగ్గు రంధ్రంలోంచి చూడవచ్చు. లోపలికి మిశ్రమం వచ్చే దారుల దగ్గర కాస్త కడిగినట్టు శుభ్రంగా, మిగిలినచోట కాఫీరంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. కడిగిన గుర్తే లేకుండా తలంతా తెల్లబారి పొడిగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. తల అంచున ఇసుక కొట్టినట్టు సన్నని గుంటలు ఉంటే లోపల పేలుడు అదుపు తప్పుతోంది. ఆ యంత్రాన్ని సరిచేసేదాకా నడపవద్దు.

మీ యంత్రానికి రింగులు మాత్రమే బిగుసుకుని, పక్కగోడలు బాగుంటే, పిస్టన్ బయటికి తీసి గాడిలోని మసిని విరిగిన పాత రింగు ముక్కతో గోకి, కొత్త రింగులు వేస్తే చాలు. సెట్ అవసరం లేదు.

ప్రశ్న: మేము యలహంకలో ఉంటాము. సొంత ఊరు సూళ్లూరుపేట దగ్గర సరుగుడు తోట ఉంది. ఇక్కడ కొత్త పిస్టన్ వేయించి, ఇక్కడే ట్యూన్ చేయించి, తోట కొట్టడానికి తీసుకెళ్లాము. కొద్ది రోజులకే మళ్లీ సీజయింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది. విప్పితే సైలెన్సర్ వైపు గీతలు. ఆయిల్ సరిగ్గానే కలిపామని మా బావమరిది ఒట్టేసి చెబుతున్నాడు. పిస్టన్ నాసిరకమా?

జవాబు: మీ బావమరిదిని నమ్ముదాము. నమ్ముతూనే, ట్యాంకులో మిగిలిన పెట్రోలు నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి, నీడలో ఆరబెట్టండి. ఆయిల్ కలిసి ఉంటే పెట్రోలు ఆవిరయ్యాక కూడా జిడ్డు మరక మిగులుతుంది. వట్టి పెట్రోలైతే మరక దాదాపు మిగలదు. ఇంట్లో మాటలు పెరగకుండా ఈ తగాదా తీర్చే పద్ధతి ఇదొక్కటే.

మరక ఉందనుకుందాము. అప్పుడు నా అనుమానం ట్యూనింగ్ మీదికి పోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, సూళ్లూరుపేట దాదాపు సముద్రపు ఒడ్డునే ఉంది. ఇక్కడి గాలి అక్కడికంటే ఇంచుమించు 8 శాతం పలచన. ఇక్కడి పలచని గాలికి సరిపోయేటట్టు బిగించిన కార్బొరేటర్‌ను అక్కడి చిక్కని గాలిలో నడిపితే, అదే స్క్రూ మీద గాలి ఎక్కువగానూ పెట్రోలు తక్కువగానూ అవుతుంది. తేడా కొద్దిపాటిదే. కానీ మన మెకానిక్కుల్లో కొందరు యంత్రం 'గట్టిగా అరిస్తేనే' ట్యూనింగ్ కుదిరిందనుకుని హెచ్ స్క్రూను, అంటే పూర్తి వేగంలో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే స్క్రూను, చివరిదాకా బిగిస్తారు. అప్పటికే అంచున ఉన్న యంత్రానికి ఆ కొద్దిపాటి తేడాయే చాలు.

దీనికి తోడు ఇప్పుడు పెట్రోలు మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే ప్రారంభించారు, 2025 నాటికి అది దేశమంతటా మామూలు పెట్రోలైపోయింది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఇథనాల్ పెరిగినకొద్దీ అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. కారుకు కంప్యూటర్ ఉంటుంది, అది సర్దుకుంటుంది. మామూలు చైన్‌సా కార్బొరేటర్‌కు మనం తిప్పే స్క్రూ తప్ప వేరే తెలివి లేదు. స్టిల్ వారి ఎం-ట్రానిక్, హస్క్‌వార్నా వారి ఆటోట్యూన్ వంటి ఏర్పాటున్న మోడళ్లు తమంతట తాము కొంతవరకు సరిచేసుకుంటాయి. చాలా చైన్‌సా మాన్యువళ్లు 10 శాతం ఇథనాల్ దాకానే అనుమతిస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇథనాల్‌తో ఇంకొక చిక్కుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోలులో కలిపే ఆయిల్) మాత్రం పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులోని ఫిల్టర్ అడుగున వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఇంజిన్‌కు ముందుగా అందేది ఆయిల్ లేని ఆ అడుగు ద్రవమే. కోస్తా గాలి తేమలో వారాల తరబడి డబ్బాలో ఉంచిన మిశ్రమం వాడి ఉంటే, మీ బావమరిది ఆయిల్ కలిపిన మాటా నిజమే, పిస్టన్‌కు ఆయిల్ అందని మాటా నిజమే. మిగిలిన మిశ్రమాన్ని గాజుసీసాలో పోసి గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున పొర విడిపోయిందో లేదో కనబడుతుంది.

పిస్టన్‌ను మళ్లీ మార్చే ముందు గాలి లీకు పరీక్ష తప్పనిసరిగా చేయించండి. కార్బొరేటర్ వెనుక రబ్బరు గొట్టం చిట్లినా, సిలిండర్ కింది ప్యాకింగు వదులైనా, క్రాంక్‌కు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడినా లోపలికి అదనపు గాలి పోతుంది. ఎక్సలేటర్ వదిలినా వేగం వెంటనే దిగకుండా కాసేపు అలాగే ఉండిపోవడం, ఐడ్లింగు ఒకచోట నిలవకపోవడం దీని గుర్తులు. పొగ రంధ్రాన్నీ కార్బొరేటర్ దారినీ రబ్బరు షీటుతో మూసి, చేతి పంపుతో సుమారు అర బార్ ఒత్తిడి ఎక్కించి, ముల్లు నిలుస్తుందో లేదో చూడాలి. అనుమానమున్నచోట సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. అంతే ముఖ్యంగా, అదే మోతాదులో గాలి లాగి కూడా చూడాలి. లోపలి నుంచి ఒత్తిడి ఉన్నప్పుడు బిగుసుకుని, గాలి లాగినప్పుడు మాత్రమే దారి ఇచ్చే సీళ్లు ఉంటాయి. ఈ రెండో సగాన్ని వదిలేసే వర్క్‌షాపులో పని చేయించుకోవద్దని నా సలహా.

తోటకు చేరాక హెచ్ స్క్రూను అక్కడే సరిచూసుకోవాలి. బరువు లేకుండా పూర్తి ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు శబ్దం కొంచెం తడబడుతూ, బొంగురుగా ఉండాలి. గొలుసు దుంగలో దిగగానే ఆ తడబాటు పోయి శబ్దం శుభ్రం కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈల వేసినట్టు సన్నగా అరుస్తుంటే స్క్రూను కొద్దిగా విప్పండి. పిస్టన్ నాసిరకం కావచ్చు, కాదనను. కానీ గీతలు సైలెన్సర్ వైపునే ఉన్నప్పుడు, ఎంత మంచి పిస్టన్ వేసినా ఇదే గతి పట్టేది.

ప్రశ్న: మారతహళ్లిలో నా చైన్‌సా కంప్రెషన్ గేజ్ మీద 130 పీఎస్ఐ చూపిస్తోంది. చెన్నై అంబత్తూరులో మా అన్నయ్య దగ్గరున్న అదే మోడల్ 150 చూపిస్తోంది. నాది అరిగిపోయిందా?

జవాబు: ఈ అంకెలను బట్టి మాత్రం అలా చెప్పలేము. బెంగళూరులో వాతావరణ పీడనమే చెన్నైకంటే దాదాపు పదో వంతు తక్కువ. సిలిండర్ నొక్కేది తాను పీల్చిన గాలినే కాబట్టి, చెన్నైలో 150 చూపించే ఇంజిన్‌ను ఇక్కడికి తెస్తే 135 దగ్గర నిలుస్తుంది. మిగిలిన నాలుగైదు పాయింట్లు గేజుల తేడా కావచ్చు. మోటారు సైకిళ్లకు వాడే పొడవాటి గొట్టమున్న గేజ్‌లలో, గాలిని వెనక్కు పోనివ్వని వాల్వు గేజ్ దగ్గర ఉంటే, ఆ గొట్టంలోని ఖాళీ కూడా చైన్‌సాలాంటి చిన్న సిలిండర్‌కు లెక్కలోకి వచ్చి అంకె తగ్గుతుంది. ఆ వాల్వు ప్లగ్గు కొన దగ్గరే ఉన్న గేజ్ వాడండి. ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి, ముల్లు ఇక పెరగనంతవరకూ తాడు లాగి చూడాలి. నిజానికి పక్కవాడి అంకెకంటే మీ యంత్రం మునుపటి అంకె విలువైనది. ప్రతి సర్వీసులోనూ అదే గేజ్‌తో చూసి ట్యాంకు మూత లోపలో, పుస్తకంలోనో రాసి పెట్టుకోండి. 100 దగ్గరికి వస్తే మాత్రం సైలెన్సర్ విప్పండి.

ప్రశ్న: మాది మదనపల్లె, పీణ్యాలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. చైన్‌సా సిలిండర్‌లో గీతలు పడితే లేత్ వాళ్లు రీబోరు చేసి (లోపలి గోడను చెక్కి వెడల్పు చేసి) పెద్ద సైజు పిస్టన్ వేద్దామంటున్నారు. యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిలుకు చేసినట్టు దీనికీ చేయవచ్చా? పిస్టన్ ఒక్కటే మార్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు కూడా చెప్పగలరు.

జవాబు: చేయకూడదు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్‌లో పోత ఇనుప లైనర్ ఉంటుంది. దాన్ని పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోయేందుకు పెద్ద సైజు పిస్టన్లు దొరికేవి. జె.సి. రోడ్డు మీద ఆ పని చేస్తూ పెరిగిన తరం చేతులు అన్నిటికీ అదే మందు వేయాలని చూస్తాయి. చైన్‌సా సిలిండర్ అల్యూమినియంతో పోసినది. దాని లోపలి గోడ మీద గట్టి క్రోమియం పూతగానీ, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పూతగానీ ఉంటుంది. ఈ రెండో పూతను జర్మనీకి చెందిన మాలె సంస్థ 1967లో నికసిల్ పేరుతో తెచ్చింది. పూత మందం మిల్లీమీటరులో చిన్న వంతే. బోరు వేస్తే అది కాస్తా పోయి మెత్తని అల్యూమినియం బయటపడుతుంది, దాని మీద అల్యూమినియం పిస్టన్ నడవడమంటే మొదటి రోజే సీజు కావడం.

అదృష్టవశాత్తూ సిలిండర్ గోడ మీద గీతల్లా కనబడేవాటిలో చాలా భాగం గీతలు కావు; పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం. గట్టిదైన పూత దాని కింద చెక్కుచెదరకుండా ఉండవచ్చు. దాన్ని 180, 220 నంబరు ఎమిరీ గుడ్డతో చేత్తోనే, అడ్డంగా ఏటవాలుగా రుద్దితే వదులుతుంది. కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం దూదికి అద్ది కరిగిస్తారు. పద్ధతి పనిచేస్తుంది గానీ, పూత ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే ఆమ్లం ఆ చిల్లులోంచి కిందనున్న అల్యూమినియంను తినేస్తుంది, రంధ్రాల్లోకి కారినా అంతే. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, మూసిన గదిలో ఆ పని చేయవద్దు. అంటుకున్న లోహం పోయాక గోరు వేసి చూడండి. గోరు ఎక్కడా తట్టకుండా, పొగ రంధ్రం అంచున పూత పెచ్చులూడకుండా ఉంటే పిస్టన్, రింగులు మార్చుకుని ఆ సిలిండర్‌నే వాడుకోవచ్చు. లేకపోతే సెట్ తప్పదు; ఎస్.జె.పి. రోడ్డులో కొనేటప్పుడు రంధ్రాల అంచులను వేలితో తడిమి, పదునుగా ఉన్నవాటిని పక్కన పెట్టండి, అవి రింగులను కోస్తాయి.

బిగించేటప్పుడు పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు చివరలు గాడిలో ఉండే చిన్న పిన్‌కు అటూ ఇటూ కూర్చోవాలి. తిరగబడితే చివర పోయి రంధ్రంలో తగులుకుని విరుగుతుంది. కొత్త రింగును ముందుగా సిలిండర్‌లో ఒక్కదాన్నే పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. మాన్యువల్లో చెప్పిన హద్దు చూసుకోవాలి. మిల్లీమీటరు దాటిన సందుతో ఏ రింగునూ వాడవద్దు. గజన్ పిన్ లాకులు పాతవి మళ్లీ వాడకూడదు. వాటి తెరిచిన మూతి పైకిగానీ కిందికిగానీ ఉండాలి, పక్కకు ఉంటే పిస్టన్ పైకీ కిందికీ పోయే ఊపుకు లాకు ముడుచుకుని గాడిలోంచి ఊడే ప్రమాదముంది. క్లచ్ విప్పడానికి ఇంజిన్ తిరగకుండా ఆపవలసి వస్తే, ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టే అలవాటు మానుకోండి, పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. పాత స్టార్టర్ తాడు ముక్కను మడిచి దూర్చండి, అది కూడా పిస్టన్ పొగ రంధ్రాన్ని మూసిన తర్వాతనే, లేకపోతే తాడు రంధ్రంలో ఇరుక్కుంటుంది. పిస్టన్ బయట ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్‌ను పైకీ కిందికీ కదిపి చూడండి. ఆ దిశలో ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే.

ప్రశ్న: పిస్టన్‌కు మేలని లీటరుకు 20 మిల్లీలీటర్ల బదులు 50 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతున్నాను. మంచిదేనా? పడవ ఇంజిన్ల ఆయిల్ చవకగా దొరుకుతోంది, వాడవచ్చా? – చిక్కబళ్లాపురం పాఠకుడు.

జవాబు: రెండూ వద్దు. తయారీదారు చెప్పిన నాణ్యమైన ఆయిల్ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50 కి 1 పాలు. సాధారణ టూ టీ ఆయిల్ అయితే 40, అంటే 25 కి 1 అని చాలా మాన్యువళ్లు చెబుతాయి. అంతకు మించితే ఆ అదనపు ఆయిల్ పూర్తిగా మండక రింగు గాళ్లలో, పొగ రంధ్రంలో మసిగా పేరుకుంటుంది, ఆ మసి చేసే పని పైన రాశాను. పైగా ఆయిల్ ఆక్రమించిన మేరకు పెట్రోలు తగ్గుతుంది కాబట్టి స్క్రూ తిప్పకుండా ఆయిల్ పెంచితే మిశ్రమం ఇంకొంచెం పలచబడుతుంది. పడవల బయటి ఇంజిన్లు నీటితో చల్లబడేవి. వాటి ఆయిల్ గాలితో చల్లబడే చైన్‌సా వేడికి తగినది కాదు. డబ్బా మీద జాసో ఎఫ్‌డి (టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యతకు జపాన్ ప్రమాణం గుర్తు) అని ఉన్నది తీసుకోండి. ఒక నెలలో అయిపోయేంత మాత్రమే కలుపుకోండి, ప్రతిసారీ ట్యాంకులో పోసే ముందు డబ్బాను బాగా కుదపండి, వానాకాలం తర్వాత యంత్రాన్ని మూలన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తానుగా ఆగేదాకా ఐడ్లింగులో నడపండి.